కొంగ బిళ్ళ వెనక చుక్క

ఆ వేసవిలో మా కొట్టు మీద మూడు ఫిర్యాదులు వచ్చాయి. మూడింటిలోనూ మా మీద మోపిన నేరం ఒకటే. ఫోటోలో చూపించినదానికంటే వస్తువు బాగుందట.

వినేవాళ్ళకి నవ్వొస్తుంది. మొదటి ఫిర్యాదు చదివినప్పుడు నేనూ నవ్వాను. ఫోటోలో పగులు కనిపిస్తోందనీ, తన చేతికొచ్చిన బిళ్ళలో పగులు లేదనీ, తనకి పగులున్న బిళ్ళే కావాలనీ ఎవరో రాశారు. ఎండదెబ్బ తగిలినట్టుంది పాపం అనుకుని, మారుమాట్లాడకుండా డబ్బు వెనక్కి పంపేశాను. రెండోది వచ్చేసరికి నవ్వు సగం పోయింది. మూడోది వచ్చాక ఆ వేసవంతా మళ్ళీ నవ్విన గుర్తు లేదు.

మేం అమ్మేది పాత కార్ల బిళ్ళలు. అంటే కారు ముక్కు మీద, చక్రాల మూతల మీద, వెనక డిక్కీ మీద బిగించే కంపెనీ గుర్తులు. కార్లు తుక్కయిపోయి, వాటిని నడిపినవాళ్ళు కూడా పోయి ఎన్నేళ్ళయినా, ఈ బిళ్ళల కోసం ప్రాణం పెట్టేవాళ్ళు ఇంకా ఉన్నారు. మా ఆయన ఊళ్ళమ్మట తిరిగి తుక్కు కొట్లలోంచి, మూసేసిన గ్యారేజీల్లోంచి సంచులతో పట్టుకొస్తాడు. వాటి ఒళ్ళు పరీక్షించి, తరగతి వేసి, వెల కట్టి, ఆన్‌లైన్‌లో పెట్టడం నా పని. అమ్ముడుపోయినవాటిని పార్సెల్ కట్టేది మామయ్యగారు. ముగ్గురి పొట్టా ఆ కొట్టు మీదే నడుస్తుంది.

నా పనికి రోజులో రెండు గంటలే మంచి సమయం. ఉదయం ఎనిమిది నుంచి పదిదాకా తూర్పు కిటికీలోంచి వెలుతురు బల్ల మీద ఏటవాలుగా పడుతుంది. నెత్తి మీద నుంచి పడే వెలుతురు అబద్ధాలకోరు, అన్నిటినీ కొత్తవాటిలా చూపిస్తుంది. ఏటవాలు వెలుతురు మాత్రం చాడీలు చెప్తుంది. ఎక్కడ గుంట పడింది, ఎక్కడ క్రోమ్ పొర లేచింది, ఎనామెల్ రంగు పూత మీద వెంట్రుకవాసి పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగింది, అన్నీ బయటపెట్టేస్తుంది. ఆ తర్వాత బిళ్ళని బోర్లా తిప్పాలి. కొనేవాడు ముందు చూస్తాడు, వెల కట్టేవాడు వెనక చూడాలి. బిగించే కాడలు రెండూ అసలువేనా, విరిగితే మళ్ళీ అతికించారా, తయారుచేసినవాళ్ళ ముద్ర లోతుగా ఉందా, ఇత్తడి రంగు దాని వయసుకి తగ్గట్టు మాసిందా. నిన్నగాక మొన్న పోతపోసిన నకిలీ బిళ్ళ ముందు నుంచి ఎంత ముస్తాబై వచ్చినా వీపు చూపించగానే దొరికిపోతుంది.

మొత్తం ఐదు తరగతులు. మొదటి తరగతి అంటే కంపెనీ నుంచి ఎలా వచ్చిందో అలాగే ఉన్నది. రెండు, మూడు తరగతులు వయసు తెచ్చిన దెబ్బలున్నవి. నాలుగోది బాగుచేసినది. ఐదోది తుక్కు. కొత్తవాళ్ళకి ఇక్కడే తిక్క పుడుతుంది. పెచ్చు ఊడిన బిళ్ళ మూడో తరగతి, ఆ పెచ్చు నింపి నున్నగా చేసిన బిళ్ళ నాలుగో తరగతి. ఈ వ్యాపారంలో గాయానికి ధర ఉంది, కట్టుకి లేదు.

మూడో ఫిర్యాదు పళ్ళ డాక్టరుది. మా దగ్గర కొనేవాళ్ళలో అందరికంటే పాతవాడు, మాటలో కరుకు తప్ప మనసులో కల్మషం లేని మనిషి. ఆయన ఫిర్యాదు రాయడంతో ఆగలేదు, ఫోన్ కూడా చేశాడు.

"అమ్మా, నువ్వు పంపిన ఎర్ర బిళ్ళలో పూడిక ఉంది. నేను రోజుకి పది పళ్ళు పూడుస్తాను. పూడిక నాకు తెలీదా?"

"ఫోటోలో పగులు చూపించాను కదండీ, దాచలేదు" అన్నాను.

"అదే అడుగుతున్నాను. ఫోటోలో ఉన్న పగులు ఎక్కడికి పోయింది?"

ఆ సాయంత్రమే, మేం బిళ్ళలు పెట్టి అమ్ముకునే సైటు వాళ్ళ ఉత్తరం కూడా వచ్చింది. ఏడాదిలో మూడు ఫిర్యాదులయ్యాయి, ఇంకొక్కటి వస్తే కొట్టు మూసేస్తామని. పదకొండేళ్ళుగా ఉన్నదున్నట్టు రాసి సంపాదించుకున్న పేరది. ఆ పేరు తప్ప మా దగ్గర వేరే పెట్టుబడి లేదు.

మర్నాడు బజారుకి వెళ్ళి నోట్లు అసలువో నకిలీవో చూసుకునే చిన్న నీలం దీపం కొన్నాను. పాత ఎనామెల్ అంటే గాజు. పొడిచేసి, కొలిమిలో కరిగించి పోసినది. నీలం దీపం కింద అది చచ్చినట్టు పడి ఉంటుంది. కొత్త రంగులూ జిగుర్లూ అయితే మెరిసిపోతాయి. కానీ దాన్ని చీకట్లో చూడాలి, మా ఇంట్లో పగలు చీకటి ఎక్కడా దొరకదు. మధ్యాహ్నం మామయ్యగారు నడుం వాల్చాక, ఆయన కట్టి ఉంచిన ఆరు పెట్టెలూ విప్పి, మంచం మీద కూర్చుని, మండుటెండల్లో రగ్గు కప్పుకున్నాను. చెమట కళ్ళలోకి కారుతోంది. ఒక్కో బిళ్ళ మీదా దీపం వేశాను. ఆరింటిలో నాలుగు మెరిశాయి. అంతకుముందు నా కళ్ళతో చూసి, ఫోటో తీసి, పొడవు కొలిచి రాసిన పగుళ్ళే సన్నటి తెల్లటి గీతల్లా మెరిశాయి.

అంతలో రగ్గు అంచు పైకి లేచింది. మామయ్యగారు వంగి చూస్తున్నారు.

"జ్వరమా అమ్మాయ్?"

"ఏం లేదండీ, తలనొప్పి" అన్నాను.

ఆయన మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, ఫ్యాను జోరు పెంచి వెళ్ళారు.

మామయ్యగారు నలభై ఏళ్ళు ఎనామెల్ పని చేసిన మనిషి. ఆయన పనిచేసిన చోట కొత్త బిళ్ళలకి రంగు పోసేవాళ్ళు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవాళ్ళు. గాయంతో ఏదీ గడప దాటకూడదని అక్కడి యజమాని మాట. ఈ మాట ఆయన నోట వందసార్లు విన్నాను. వంట చేస్తూ విన్నాను, బట్టలు మడతపెడుతూ విన్నాను. అది పాత కబురు కాదనీ, మా పార్సెళ్ళ మీద అమలవుతున్న చట్టమనీ నా బుర్రకి తట్టలేదు.

మా ఆయనకి చెప్పాను. వాళ్ళ నాన్నకి ఆయనే చెప్పుకోవాలి కదా అని. నీ మాటంటేనే నాన్నకి గురి, నువ్వే చెప్పు అన్నాడు. ఆ తర్వాత తెల్లవారుజామునే ఎక్కడో గ్యారేజీ ఖాళీ చేస్తున్నారంటూ సంచి తగిలించుకుని బస్సెక్కేశాడు. తండ్రికి ఎదురుచెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఈయనకి ఎక్కడో ఒక గ్యారేజీ మూతపడుతూనే ఉంటుంది.

చివరికి నేనే అడిగాను. మామయ్యగారు టీ తాగి గ్లాసు కింద పెట్టేదాకా ఆగాను.

"మామయ్యగారూ, బిళ్ళల్లో పగుళ్ళు మీరు పూడుస్తున్నారా?"

దొంగకి తేలు కుట్టినట్టు ఉండిపోతారనుకున్నాను. ఆయన మొహం వెలిగింది.

"కనిపెట్టేశావా? తెలీకుండా చేశాననుకున్నాను. ఎక్కడ తప్పిందో చూపించు."

చూపించాను. దీపం సంగతి, ఫిర్యాదుల సంగతి, కొట్టు మూసేస్తామన్న ఉత్తరం సంగతి, తరగతుల సంగతి, అన్నీ చెప్పాను. అంతా విన్నారు. పైసా అడక్కుండా, కళ్ళు లాక్కుపోతున్నా, మధ్యాహ్నాలు కూర్చుని చేశానన్నారు. కొనుక్కున్నవాడు పెట్టె విప్పి సంతోషిస్తాడనుకున్నారట.

"అయితే పగిలినదానికి ఎక్కువ, బాగుచేసినదానికి తక్కువా?" అని అడిగారు.

"పగులంటే దాని వయసు మామయ్యగారూ. పూడిస్తే వయసు దాచినట్టే."

"మరి నేను నలభై ఏళ్ళు చేసిందేంటి?"

అక్కడ ఆగి ఉండాల్సింది. రెండు రాత్రులు నిద్రలేదు, ఎండ, చెమట, మూడు ఫిర్యాదులు. అలసిపోయిన మనిషి నోటికి గడియ ఉండదు.

"చెప్పి చేస్తే పని. చెప్పకుండా చేస్తే మోసం" అన్నాను.

ఆయన లేచారు. లోపలికి వెళ్ళి తన సన్నకుంచెలూ చిన్న సీసాలూ ఉన్న రేకు డబ్బా తెచ్చి, స్టూలెక్కి అటక మీద పెట్టేశారు. నేను పట్టుకుంటానన్నా పట్టుకోనివ్వలేదు. ఆ సాయంత్రం పార్సెళ్ళ టేపు చుట్ట తీసి నా బల్ల సొరుగులో పడేశాను. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు.

తర్వాత నెలా నెలన్నర ఎలా గడిచిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు బరువెక్కుతుంది. పొద్దున వెలకట్టడం, మధ్యాహ్నం పార్సెళ్ళు కట్టడం, సాయంత్రం వంట. నడుం విరిగిపోయేది. మామయ్యగారు వీధి మెట్ల మీద కూర్చుని వచ్చే పోయే బళ్ళని చూసేవారు. భోజనానికి పిలిస్తే వచ్చేవారు, చాలా అని అడిగితే చాలనేవారు. అలగలేదు, సాధించలేదు. అలిగినా బతిమాలుకునేదాన్ని. ఆయన ఏ పనీ లేని అతిథిలా ఉండిపోయారు. మా ఆయన మధ్యలో ఏవో జోకులు వేసేవాడు, అవి ఎవరూ ఎత్తుకోక నేల మీదే పడి ఉండేవి.

వేసవి చివర్లో మా ఆయన తెచ్చిన సంచిలో కొంగ బిళ్ళ దొరికింది.

అరచేతంత గుండ్రటి ఇత్తడి. ముదురు నీలం ఎనామెల్ మీద రెక్కలు చాచిన తెల్ల కొంగ. ఆ కంపెనీ ఆరేడేళ్ళు కార్లు చేసి మూతపడింది. ఆ ఎనామెల్ మందం ఎక్కువ, కారు మూత కాస్త గట్టిగా వేస్తే చాలు కొంగ మెడ దగ్గర చిట్లేది. అందుకే మెడ తెగని కొంగ ఎక్కడా దొరకదంటారు. ఇది దొరికింది. మూడు ఉదయాలు చూశాను. అయస్కాంతం పెట్టాను, తూకం వేశాను. సూది కాల్చి అంచున ఆనించాను. జిగురైతే మెత్తబడాలి, మెత్తబడలేదు. రగ్గు కింద దూరి నీలం దీపం వేశాను, మెరవలేదు. వెనక కాడలు రెండూ అసలువే. ఎడమ కాడ పక్కన సూదిమొనంత చుక్క ఒకటి ఉంది. పోత పోసినప్పుడు పడ్డ లోపమని వదిలేశాను.

మొదటి తరగతి అని కాగితం మీద రాసుకున్నాను. పదకొండేళ్ళలో ఆ మాట రాయడం అది ఐదోసారి.

పళ్ళ డాక్టరుకి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళుగా వెతుకుతున్నానన్నాడు. సైటులో మొదటి తరగతి అని రాసి పెట్టమనీ, చూడకుండానే కొంటాననీ, ఎర్ర బిళ్ళ మీద రాసిన ఫిర్యాదు కూడా వెనక్కి తీసుకునే సంగతి ఆలోచిస్తాననీ అన్నాడు. ఫోన్ పెట్టేసి అలాగే నేల మీద కూర్చుండిపోయాను. కొట్టు నిలబడింది అనుకున్నాను.

మా ఆయన సంబరం పట్టలేక బిళ్ళ తీసుకెళ్ళి మెట్ల మీదున్న తండ్రి చేతిలో పెట్టాడు. మామయ్యగారు దాన్ని ఎండకి తిప్పి చూశారు. బోర్లా తిప్పి, బొటనవేలితో ఒకసారి తడిమారు. బాగుందని కొడుక్కి ఇచ్చేశారు. రాత్రి భోజనం వద్దన్నారు.

మర్నాడు ఉదయం నేను ఫోటోలకి బల్ల సర్దుకుంటుంటే గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డారు. నెలన్నరలో ఆ గదికి రావడం అదే మొదలు.

"అమ్మాయ్, ఆ కొంగకి మెడ దగ్గర గాయం ఉంది. కప్పింది నేనే."

నాకు అర్థం కాలేదు. ఆయన లోపలికొచ్చి బిళ్ళ తిప్పి ఎడమ కాడ పక్కన ఉన్న చుక్క చూపించారు. బాగుచేసిన ప్రతిదానికీ వెనక ఒక చుక్క కొట్టేవారట. యజమానికి కూడా తెలీదట. మెడ తెగిన ఈ కొంగని ముప్పై ఆరేళ్ళ కిందట ఒకాయన తెచ్చాడు. ఆ నీలం కలవడానికే నాలుగు రోజులు పట్టింది. గాజు నూరి, పోసి, మూడుసార్లు కాల్చారు. మూడోసారి కొలిమిలో పెట్టినప్పుడు అంతకుముందున్నది కూడా పగిలిపోతుందేమోనని ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డారట. అది చెప్తున్నప్పుడు ఆయన గొంతులో నెలన్నరగా లేని ప్రాణం ఉంది.

నేను మాత్రం వేరే లెక్కలో ఉన్నాను. గాజులో గాజు కలిసిపోయింది. దీపానికి అందదు, సూదికి అందదు. డాక్టరు కళ్ళద్దాలకీ అందదు. ఆ చుక్క అర్థం తెలిసినవారు భూమ్మీద ఒక్కరే, ఆయన నా ఎదురుగా ఉన్నారు. అవతల ఇరవై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న మనిషి, ఇవతల మూతపడబోయే కొట్టు.

"ఎవరికీ తెలీదు మామయ్యగారూ" అన్నాను.

అన్నాను. ఆ నోటితోనే. మోసమన్న మాట ఏ నోటి నుంచి వచ్చిందో ఆ నోటితోనే.

ఆయన నా మొహం వైపు చూడలేదు. బిళ్ళని నేను ఫోటోలు తీసే తెల్లకాగితం మీద, కొలబద్ద పక్కన, బోర్లా పెట్టారు. చుక్క పైకి కనిపించేలా కాస్త జరిపారు.

"ఫోటో తీసుకో. వెలుతురు పోతోంది" అన్నారు.

తీశాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి.

తర్వాత మెడ దగ్గర బాగుచేసిన చోటు చూపించమన్నాను, దానికి దగ్గర్నుంచి ఫోటో తీయాలి కదా. ఆయన కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూశారు. ఇక్కడే అన్నారు. కాదన్నారు. కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు. నా భూతద్దం ఇచ్చాను. ఇద్దరం అరగంట వెతికాం. గోటితో మెల్లగా గీసి చూశారు, ఎక్కడా తట్టలేదు. చివరికి నా వైపు తిరిగి, "నాకే దొరకట్లేదమ్మాయ్" అన్నారు. నవ్వారు. నవ్వుతూనే కళ్ళజోడు మళ్ళీ తీసి చాలాసేపు తుడుచుకున్నారు.

మొదటి తరగతి అన్న కాగితం చింపేసి రాశాను. నాలుగో తరగతి. మెడ దగ్గర ముప్పై ఆరేళ్ళ కిందట గాజు ఎనామెల్‌తో బాగుచేశారు. చోటు కంటికి కనిపించదు. చేసినవారే చెప్పారు, వెనక చుక్క ఆయన గుర్తు. ధర నాలుగో వంతుకి తగ్గించాను. మా ఆయన అది చదివి, ఏదో అనబోయి, తండ్రి మొహం చూసి, సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు.

డాక్టరు ఫోన్ చెయ్యలేదు. నాలుగో రోజు, సెలవు నాడు, ఆయనే వచ్చాడు. పళ్ళు చూసే అద్దాలు నుదుటికి తగిలించుకుని, కిటికీ దగ్గర నిలబడి, టీ చల్లారిపోయేదాకా చూశాడు. మధ్యలో ఒకసారి తల తిప్పకుండానే అడిగాడు.

"ఎక్కడండీ?"

"తెలీదండీ" అన్నారు మామయ్యగారు.

"నిజంగానా?"

"నాకూ దొరకలేదు."

డాక్టరు అద్దాలు తీసేశాడు. మామయ్యగారి చేతులు ఒకసారి చూశాడు. ఏమైనా ఎక్కువ ఇస్తాడేమోనని మా ఆయన గుమ్మం దగ్గరే తచ్చాడాడు. ఇవ్వలేదు. నాలుగో తరగతికి ఎంత రాశానో సైటులోనే అంతే కట్టి, బిళ్ళ జేబురుమాలులో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఎర్ర బిళ్ళ ఫిర్యాదు కూడా తీసెయ్యలేదు. అది నిజం కాబట్టి అలాగే ఉంటుందని గుమ్మంలో చెప్పి మరీ వెళ్ళాడు. ఆ ఫిర్యాదులకి ఏడాది గడువు తీరేదాకా తలమీద కత్తి వేలాడుతూనే ఉంది.

కానీ ఆ వారంలోనే సైటులో కొంగ బిళ్ళ కింద డాక్టరు రాసిన మాట ఒకటి కనిపించింది. మెట్ల మీదున్న మామయ్యగారికి చదివి వినిపించాను.

"చెప్పినట్టే ఉంది."

"అంతేనా? బాగుందని రాయలేదా?" అన్నారు.

"మా వ్యాపారంలో ఇంతకంటే పెద్ద మాట లేదు మామయ్యగారూ."

ఆయన ఎదురుగా పోతున్న బండి మలుపు తిరిగేదాకా చూశారు. "మళ్ళీ చదువు" అన్నారు. చదివాను. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచారు.

"టేపు ఎక్కడ పెట్టావు?"

సొరుగులోంచి తీసి ఇచ్చాను. ఇస్తూ ఏదైనా అనాలనుకున్నాను. మోసమన్నందుకు క్షమించమనాలి, ఆ తర్వాత ఎవరికీ తెలీదన్న రెండో మాటకైతే ఏమనాలో కూడా తెలీలేదు. టేపు కొస మాత్రం గోటితో లేపి ఇచ్చాను. ఆ రెండో మాట మా ఆయనకి ఇప్పటికీ తెలీదు. చెప్పగలిగిన మామయ్యగారు చెప్పలేదు.

అటక మీది రేకు డబ్బా మాత్రం ఆయన దించలేదు. ఆ మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని, మూల పెచ్చు ఊడిన ఆకుపచ్చ బిళ్ళని చేతిలోకి తీసుకున్నారు. పెచ్చు ఊడిన చోట బొటనవేలు కాసేపు నిలిచింది. తర్వాత మెత్తటి కాగితంలో చుట్టి పెట్టెలో పెట్టారు.

"గాయంతోనే పంపిస్తున్నాను, ఏమనుకోకు" అని దానితో చెప్పి, టేపు పంటితో తెంపారు.